పదో నంబర్‌ని దాచేయడం నాకు నచ్చదు

ఇటలీ ఫుట్‌బాల్ క్లబ్ నాపోలీ 2000లో మారడోనా పదో నంబర్ జెర్సీని ఇక ఎవరికీ ఇవ్వమని పక్కన పెట్టేసింది. ఆ ప్రేమ అర్థమవుతుంది, 1987లో ఆ ఊరికి మొట్టమొదటి లీగ్ టైటిల్ తెచ్చిపెట్టింది ఆయనే కదా. అయినా నాకు స్పెయిన్ క్లబ్ బార్సిలోనా పద్ధతే నచ్చుతుంది. రొనాల్డినో వేసుకున్న పది మెస్సీకి వచ్చింది, మెస్సీ వెళ్ళాక అన్సు ఫాతికి, 2025లో అప్పుడే పద్దెనిమిది నిండిన లమీన్ యమాల్‌కి. టెన్షన్ ఉంటుంది, ఉండాలి కూడా. ఎప్పటికైనా ఆ నంబర్ తన వీపు మీద చూసుకోవాలనే ఆశతోనే కదా అకాడమీలో కుర్రాళ్ళు అంత చెమటోడ్చేది!

ఒక్క చోట మాత్రం మాట మార్చుకుంటాను. 2003లో కామెరూన్ తరఫున ఆడుతూ మైదానంలో కుప్పకూలి ప్రాణాలు విడిచిన మార్క్ వివియన్ ఫోయె 23వ నంబర్‌ని, ఆయన ఆడిన ఇంగ్లండ్ క్లబ్ మాంచెస్టర్ సిటీ మళ్ళీ ఎవరికీ ఇవ్వలేదు. అది అలాగే ఉండాలి.