రైలుని ఆటో ఎక్కించిన మనిషిని నేనే

మొన్న ఆదివారం పొద్దున 6:40కి తీసిన ఫొటోలో రైలు ఇంజిను నంబరు ఐదు అంకెలూ చదవొచ్చు. వేళ్ళతో లాగి పెద్దది చేయక్కర్లేదు, కళ్ళు చికిలించక్కర్లేదు. ఇంతోటిదానికి నాకు ఐదు నెలలు పట్టింది. ఎవరికో ఒకరికి చెప్పుకుంటే గాని నిద్ర పట్టేలా లేదు.

మాది కావలి. జిరాక్స్ కొట్టు నడుపుతాను. మా నాయన ఆవిరి ఇంజిన్ల కాలంలో బిట్రగుంట షెడ్డులో, ఇంజిను పొయ్యికి బొగ్గు వేసే ఫైర్‌మన్‌గా చేశాడు. ఇప్పటికీ మంచం మీద పడుకుని కూత వింటే చాలు, అది మద్రాసు వైపు పోతోందా బెజవాడ వైపు పోతోందా చెప్పేస్తాడు. ఆయన చూస్తాడు కదా అని సంక్రాంతికి కెమెరా కొన్నాను. కెనాన్ 1500డీ, దాంతోపాటు 18-55, 55-250 అని రెండు లెన్సులు. మా ఆవిడకి ధర పదివేలు తగ్గించి చెప్పాను. ఇది చదివితే ఆ సంగతి బయటపడుతుంది, పడనీ.

కొనడం, చార్జింగ్ పెట్టడం, కార్డు వేయడం, తాడు మెడకి తగిలించుకోవడం ఒక్క పూటలో అయిపోయాయి. అసలు కథ ఆ సాయంత్రం మొదలైంది.

ఊరి బయట రైల్వే గేటు పడగానే బండి దిగి, రోడ్డు మీదే నిలబడి, మోడ్ల చక్రాన్ని పచ్చ గుర్తు మీద పెట్టి పది ఫొటోలు తీశాను. ఆటో అన్నమాట, అన్నీ కెమెరానే చూసుకుంటుంది. కెమెరా వెనక బుల్లి తెర మీద అద్భుతంగా కనిపించాయి. ఇంటికొచ్చి కంప్యూటర్లో వేసి నాయనకి చూపించాను. ఆయన కళ్ళద్దాలు సర్దుకుని, తెర దగ్గరికి జరిగి, కాసేపు చూసి అడిగాడు.

"నంబరేదిరా?"

"రైలు బాగుంది కదా నాయనా."

"రైలు నాకు తెలీదా? ఏ ఇంజినో చెప్పకుండా ఇనప పెట్టె చూపిస్తావేందిరా?"

నంబరు ఉండాల్సిన చోట తెల్లటి గీత ఒకటి సాగి ఉంది, సున్నం బ్రష్షుతో ఒక్క లాగు లాగినట్టు. ఆ ప్రశ్నే నా మెడకి చుట్టుకుంది. రోజూ పొద్దున కాఫీ గ్లాసు చేతిలో ఉండగానే "నంబరు దొరికిందా" అనేవాడు.

ఒక నెల ఇలాగే తీసి, అన్నీ పాడై, కెమెరా కొన్న కొట్టుకే పోయాను. పేరు చెప్పను, ఊరూ చెప్పను. ఆ కొట్టాయన నా కార్డు తీసుకుని పెద్ద మానిటర్‌కి పెట్టాడు. అక్కడ ఆల్బమ్‌ల పని మీద వచ్చిన పెళ్ళిళ్ళ ఫొటోగ్రాఫర్లు ఇద్దరు కూర్చుని ఉన్నారు. ఒక్కో ఫొటో తిప్పుతూ వాళ్ళకి చూపించాడు. అందులో ఒకడు, మా అబ్బాయి కన్నా నాలుగైదేళ్ళు పెద్దవాడేమో, "ఏ మోడ్‌లో తీశారు సార్?" అన్నాడు. ఆటో అన్నాను. "రైలుని ఆటో ఎక్కించావా అన్నా!" అని ఒకటే నవ్వు. సార్ కాస్తా ఒక్క నిమిషంలో అన్న అయిపోయాను. కొట్టాయన కూడా నవ్వాడు, టీ తెచ్చిన పిల్లాడు కూడా నవ్వాడు. నేనూ నవ్వాను, ఏం చేస్తాం. ఎందుకు పాడయ్యాయో మాత్రం ఒక్కడూ చెప్పలేదు. పైగా "లెన్సు కాపాడుకోండి" అని లెన్సు ముందు బిగించే గాజు, 900 రూపాయల యూవీ ఫిల్టర్ ఒకటి అంటగట్టాడు. దాని సంగతి తర్వాత చెబుతాను.

ఆ రాత్రి పంతం పట్టి లెక్కేసుకున్నాను. మా లైను మీద పెద్ద బళ్ళు గంటకు 130 కిలోమీటర్ల దాకా పోతాయి. అంటే సెకనుకు 36 మీటర్లు. సాయంత్రం వెలుతురు తగ్గితే ఆటోలో కెమెరా తన ఇష్టప్రకారం సెకనులో 60వ వంతు సేపు షట్టర్ అనే తలుపు తెరిచి ఉంచుతుంది. ఆ కాస్త సేపట్లో రైలు 60 సెంటీమీటర్లు జరిగిపోతుంది. నంబరు గీత అవక ఇంకేమవుతుంది? అదే సెకనులో 1000వ వంతు పెడితే జరిగేది 3.6 సెంటీమీటర్లే. అది కూడా పక్క నుంచి తీస్తే. ఎదురుగా, కాస్త వాలుగా నిలబడితే ఫొటోలో ఆ కదలిక ఇంకా తక్కువ తెలుస్తుంది. చక్రం మీద 'టీవీ' అని ఉంటుంది చూడండి, అది టెలివిజన్ కాదు, షట్టర్ వేగం మనమే పెట్టుకునే మోడ్. ఈ ఒక్క ముక్క ఆ రోజు కొట్టులో ఎవరైనా చెప్పి ఉంటే నేను వాళ్ళకి టీ పోయించి వచ్చేవాణ్ణి.

ఇక నంబరు దొరికినట్టే అనుకున్నాను. దొరకలేదు. ఈసారి గీత పోయి మసక వచ్చింది. వెనక వేపచెట్టు ఆకాకూ లెక్కపెట్టొచ్చు, ముందున్న ఇంజిను మాత్రం ఆవిరి పట్టిన అద్దంలో మొహంలా ఉంది. 'వన్ షాట్' ఫోకస్‌లో ఉంచితే కెమెరా ఒక్కసారి దూరం చూసుకుని అక్కడే ఆగిపోతుందట. నేను బటన్ సగం నొక్కి, ఊపిరి బిగబట్టి, పూర్తిగా నొక్కేసరికి రైలు ఇరవై మీటర్లు ముందుకొచ్చేస్తుంది. 'ఏఐ సర్వో'కి మార్చాను. కదిలే వస్తువుని వెంటాడే ఫోకస్ అది. పదింటికి మూడు బాగుపడ్డాయి. అంతలో ఎండాకాలం వచ్చింది.

నన్ను నిజంగా పిచ్చివాణ్ణి చేసిన దశ ఇదే.

ఏప్రిల్ చివరి నుంచి తీసిన ప్రతి ఫొటో పాడైంది. షట్టర్ 1000 పెట్టాను, 2000 పెట్టాను. వెలుతురుకి కొదవ లేదు, పది పదకొండు గంటల ఎండ. ఫోకస్ సరిగ్గా ఇంజిను మూతి మీదే ఉంది. అయినా నంబరులో 3కి, 8కి తేడా తెలియదు. అంకెలు నీళ్ళ అడుగున ఉన్నట్టు వంకర్లు తిరిగి ఉంటాయి. మసక అంటే ఒకేలా మసకగా ఉండాలి కదా? ఇది అలా కాదు. ఇంజిను ఎడమ అంచు బాగుంటుంది, కుడి అంచు కరిగిపోయి ఉంటుంది, తర్వాతి ఫొటోలో అటుదిటు. 250 దాకా జూమ్ లాగి, అర కిలోమీటరు దూరంలో ఉన్నప్పటి నుంచే తీస్తున్నాను, మొత్తం రైలు ఫ్రేములో పట్టాలని.

సిగ్గు చంపుకుని మళ్ళీ అదే కొట్టుకి పోయాను. ఆయన ఒక్క ఫొటో చూసి, "లెన్సు ఫోకస్ అవుట్ అయింది సార్, సర్వీసుకి పంపాలి" అన్నాడు. మళ్ళీ సార్ అయ్యాను. లెన్సు పన్నెండు రోజులు పెట్టుకున్నారు, 1,200 తీసుకున్నారు. తెచ్చి మర్నాడు పదకొండు గంటలకి గేటు దగ్గర తీశాను. అవే వంకర్లు.

ఆ రోజు ఇంటికి పోబుద్ధి కాలేదు. రోడ్డు పక్క కల్వర్టు గోడ మీద కెమెరా పెట్టి, తెర మీద చూసే లైవ్ వ్యూ పెట్టి, పది రెట్లు పెద్దది చేసి, దూరంగా ఉన్న కరెంటు మాస్టు మీద ఉంచాను. రైలు లేదు, గాలి కూడా లేదు. ఆ ఇనప స్తంభం ఆడుతోంది! నడుము దగ్గర సన్నబడుతుంది, మళ్ళీ లావవుతుంది, పైముక్క కిందిముక్క నుంచి విడిపోయి మళ్ళీ అతుక్కుంటుంది. కెమెరా నుంచి తలెత్తి చూస్తే, స్తంభం దాని చోట అది ఉంది. పట్టాల మీద, కంకర మీద గాలి కాగి లేస్తోంది. ఎండమావి. మా ఊళ్ళో బళ్ళోకి పోయే పిల్లాడికి కూడా తెలిసిన ఎండమావిలోంచి నేను నెల రోజులుగా ఫొటోలు తీస్తున్నాను. అర కిలోమీటరు మేర కాగిన గాలి మధ్యలో ఉంటే ఏ లెన్సు ఏం చేస్తుంది? 1,200 తీసుకున్న మనిషికి ఇది తెలియదా, తెలిసీ తీసుకున్నాడా? ఏదైనా నాకు ఒకటే మంట.

ఇంటికొచ్చి నాయనకి చెబితే ఆయన తాపీగా, "ఎండాకాలం మధ్యాహ్నప్పూట మాకు సిగ్నల్ స్తంభం మీది చెయ్యి కూడా అట్టానే ఆడేది. పైకుందో వాలిందో దగ్గరికి పోతేగాని తెలిసేది కాదు. నన్నడిగితే చెప్పేవాణ్ణి గదరా" అన్నాడు. అడగలేదు మరి. రోజూ నంబరు నంబరు అని సతాయించే మనిషిని అడగబుద్ధి కాలేదు.

కాబట్టి రోహిణి కార్తెలో రోళ్ళు పగిలే ఎండలో రైలు ఫొటోలు తీయబోయేవాళ్ళకి నేను చెప్పేది: పొద్దున ఎనిమిది లోపు తీసుకుని ఇంటికి పోండి. దూరం నుంచి జూమ్ లాగకండి, రైలుని దగ్గరికి రానివ్వండి. దగ్గరికి అంటే మీరు పట్టాల దగ్గరికి పోవడం కాదు.

ఈ మాట ఎందుకంటున్నానంటే, మా లైనులో ఒక స్టేషన్‌లో పది రూపాయల ప్లాట్‌ఫారం టికెట్ చేతిలో పెట్టుకుని, పసుపు గీతకి ఆరడుగులు వెనక నిలబడ్డ నన్ను ఒక కానిస్టేబుల్ పిలిచి, పర్మిషన్ లెటర్ ఏదని ముప్పావుగంట బెంచీ మీద కూర్చోబెట్టాడు. అప్పుడే అవతల చివర ఒక కుర్రాడు వచ్చే రైలుకి వీపు పెట్టి రీల్ చేసుకుంటున్నాడు. వాణ్ణి ఎవరూ పిలవలేదు. పెద్ద కెమెరా కనిపిస్తే అనుమానం, ఫోను కనిపిస్తే సరదా. అయినా చట్టం చట్టమే. రైల్వే చట్టం 147వ సెక్షన్ కింద అనుమతి లేకుండా పట్టాల మీదికి పోతే ఆరు నెలల దాకా జైలు, వెయ్యి దాకా జరిమానా, లేదంటే రెండూ. వెయ్యి పోతే పోయింది. ఇప్పుడు మూడో లైను కూడా పడింది. ఒక రోజు నేను ఎక్స్‌ప్రెస్ కోసం చూస్తుంటే ఇవతలి లైనులో గూడ్స్ అడ్డంగా వచ్చేసింది. 58 వ్యాగన్లు లెక్కపెట్టాను. దాని చప్పుడులో అవతల ఎక్స్‌ప్రెస్ ఎప్పుడు వచ్చి ఎప్పుడు పోయిందో వినపడనే లేదు. పట్టాల మధ్య నిలబడ్డవాడికి కూడా అలాగే వినపడదు. గేటు బయట రోడ్డు, ఓవర్ బ్రిడ్జి నడకదారి, పొలం గట్టు, ఎన్ని చోట్లు లేవు?

వెలుగు గురించి ఒకటి నేనే కనిపెట్టాను, కొంచెం గొప్పగానే చెప్పుకుంటాను. మన లైను దాదాపు ఉత్తర దక్షిణాలుగా పోతుంది. పొద్దున తూర్పు పక్కన, సాయంత్రం పడమటి పక్కన నిలబడాలని ఎవరైనా చెబుతారు. కానీ చలికాలంలో సూర్యుడు దక్షిణానికి వాలి ఉంటాడు, అందుకని మద్రాసు వైపు పోయే ఇంజిన్ల మొహం వెలుగుతుంది. జూన్‌లో సూర్యుడు తూర్పుకి కాస్త ఉత్తరంగా పొడుస్తాడు, అప్పుడు పొద్దున్నే బెజవాడ వైపు పోయే ఇంజిన్లకి మొహం నిండా వెలుగు. అంటే తిరుపతి నుంచి వచ్చే కృష్ణా ఎక్స్‌ప్రెస్‌కి, మద్రాసు నుంచి వచ్చే బళ్ళకి ఇదే అదను.

ఫిల్టర్ సంగతి చెబుతానన్నాను కదా. హెడ్‌లైట్ వేసుకుని వచ్చే ప్రతి ఇంజిను ఫొటోలో ఒక మూల ఆకుపచ్చ చుక్క ఉండేది. ఒక రోజు ఆ 900 రూపాయల గాజు విప్పి తీస్తే చుక్క మాయం. ఇప్పుడు దాన్ని కొట్టులో కాగితాల మీద బరువుకి పెట్టాను. అదే హెడ్‌లైట్ చూసి కెమెరా బెదిరిపోయి ఫొటో మొత్తం నల్లగా చేస్తుంది. అందుకే 'ఎం' మోడ్‌కి మారాను. రైలు రాకముందే వెలుతురు చూసుకుని అన్నీ పెట్టేసుకుంటే హెడ్‌లైట్‌తో పనిలేదు.

ఇక మొన్న ఆదివారం. ఆరు గంటలకే గేటు బయట తూర్పు పక్కన నిలబడ్డాను. రైలు ఎక్కడ ఉంటే బాగుంటుందో చూసుకుని, ఆ చోట ఉన్న మాస్టుకి కొట్టిన నంబరు పలక మీద ఫోకస్ పెట్టాను. పలక మీద రంగు పెచ్చులు లేచిన చోటు కూడా కనిపించే దాకా తిప్పి, ఫోకస్‌ని మాన్యువల్‌కి మార్చేశాను. ఇక అది ఎటూ కదలదు. జూమ్ 100 దగ్గర, షట్టర్ 1000, ఐఎస్ఓ (వెలుతురుకి కెమెరా ఎంత స్పందించాలో చెప్పే అంకె) 800. నా కెమెరా సెకనుకు మూడు ఫొటోలే తీస్తుంది. అంటే ఒక ఫొటోకీ ఇంకో ఫొటోకీ మధ్య రైలు 12 మీటర్లు జరిగిపోతుంది. కాబట్టి టపాసుల్లా నొక్కి లాభం లేదు, ఒక్కటే నొక్కాలి, మూతి మాస్టు దగ్గరికి వచ్చినప్పుడు.

గేటు పడింది. పాలవాడు, ఇద్దరు ఆడవాళ్ళు బళ్ళు ఆపుకుని నన్నే చూస్తున్నారు. కూత వినపడింది. గుండె దడదడలాడింది, అబద్ధమెందుకు. తెల్లటి ఇంజిను, ఎర్ర పట్టీ, పెద్దదవుతూ పెద్దదవుతూ వచ్చింది. నొక్కాను. గాలి మొహాన కొట్టింది, పోయింది.

ఇంటికొచ్చి ఏమీ మాట్లాడకుండా కంప్యూటర్లో తెరిచి కుర్చీ నాయన వైపు జరిపాను. ఆయన ముందుకి వంగి, వేలితో తెర మీద చూపిస్తూ ఒక్కో అంకె పైకి చదివాడు. ఐదూ చదివాడు. పక్కన ఆ ఇంజిను ఏ షెడ్డుదో చెప్పే అక్షరాలు ఎల్‌జీడీ అని ఉంటే, "లాలాగూడ" అన్నాడు. వెనక్కి వాలాడు. నేను వాకిట్లోకి పోయి మా ఆవిణ్ణి పిలవబోతుంటే లోపల్నుంచి గొంతు వినపడింది.

"ఒరే, వెనకపక్క పాంటోగ్రాఫ్ ఏదిరా? పైన కోసేశావే!"

పోయి చూశాను. నిజమే, ఇంజిను నెత్తిన కరెంటు తీగని తాకే ఆ చట్రాన్ని కోసేశాను. వచ్చే ఆదివారం మళ్ళీ ఆరింటికే పోవాలి.