బల్లపరుపు కార్బన్, ఒక రివ్యూయర్: నా అనుభవం

పేపర్ ఓకే అయిందని నిన్న మెయిల్ వచ్చింది. ఆ వేడి తగ్గకముందే రాసేస్తున్నా.

నాలుగు బంధాల కార్బన్ చతుర్ముఖి ఆకారంలో ఉంటుందని 1874లో వాంట్ హాఫ్, లె బెల్ చెప్పారు, మనమంతా చదువుకున్నదే. ఆ కార్బన్‌ని ఒక వలయం మధ్యలో బల్లపరుపుగా కూర్చోబెట్టాలి, పైగా ఆ అణువు ఆరోమాటిక్ కావాలి, అంటే ఎలక్ట్రాన్లు వలయమంతా పరుచుకుని దాన్ని స్థిరంగా ఉంచాలి. మా పని అదీ. డీఎఫ్‌టీ (ఎలక్ట్రాన్ సాంద్రతతో శక్తిని లెక్కగట్టే కంప్యూటర్ పద్ధతి) ఆప్టిమైజేషన్, అంటే తక్కువ శక్తి ఆకారం కోసం వెతుకులాట, సాఫీగానే సాగింది. కాకపోతే సిమెట్రీ బిగించి చేస్తే ఏదైనా చదునుగానే ఉంటుంది, తలం నుంచి బయటికి లాగే బలం సున్నా కదా, అందుకే అణువు కంపనాల ఫ్రీక్వెన్సీ చూడకుండా సంబరపడొద్దు. వలయం చిన్నదైతే ఒక ఇమాజినరీ ఫ్రీక్వెన్సీ (ఆ ఆకారం నిలవదనే సూచన) వస్తుంది, దాన్ని యానిమేషన్‌లో పెడితే మధ్య పరమాణువు తలం దాటి పైకి లేస్తూ కనిపిస్తుంది. మా చివరి అణువులో అలాంటిది ఒక్కటీ లేదు.

అసలు బాధ రివ్యూ దగ్గర, అంటే జర్నల్ తరఫున నిపుణులు పేపర్‌ని పరిశీలించే దగ్గర. "కంప్యూటర్‌లో ఏ బొమ్మైనా గీయొచ్చు, ఇది గ్లోబల్ మినిమమ్ అని రుజువేది?" అని ఒకాయన రాశాడు. అంటే ఆ పరమాణువులతో కుదిరే అమరికలన్నిట్లో అతి తక్కువ శక్తి ఉన్నది ఇదేనా అని. ఐసోమర్లన్నీ (అవే పరమాణువుల వేరే అమరికలు) వెతికి, దగ్గర్లో ఉన్నవాటి శక్తుల్ని కపుల్డ్ క్లస్టర్ అనే మరింత కచ్చితమైన పద్ధతితో మళ్లీ లెక్కగట్టి సప్లిమెంటరీలో (పేపర్‌కి జతచేసే అదనపు ఫైల్) పట్టిక ఇచ్చాం, ఆయన ఆ ఫైల్ తెరిచిన దాఖలా లేదు. ఒళ్లు మండిపోయింది. ప్రశ్న తప్పని నేననను, ఎందుకంటే ఏడు బోరాన్లు, ఒక కార్బన్ ఉన్న ఋణ అయాన్‌లో కార్బన్ మధ్యలో ఉన్న చక్రం లెక్కల్లో లోకల్ మినిమమే (దగ్గరి ఆకారాలకంటే మాత్రం తక్కువ శక్తి ఉన్నది) అయినా, 2007 ప్రయోగంలో కార్బన్ అంచునే కనిపించింది. కానీ సమాధానం కళ్లెదురుగా పెట్టాక చదవకుండా "బొమ్మ" అనేస్తే ఎలా? 1991లో ష్లేయర్, బోల్దిరేవ్ అనే రసాయన శాస్త్రవేత్తలు చిన్న క్లస్టర్లలో చదునైన కార్బన్ సాధ్యమని లెక్కలతో చెప్పారు, 1999లో నాలుగు అల్యూమినియంల మధ్య కార్బన్ ఉన్న అయాన్ ప్రయోగంలో దొరికింది. లెక్క ముందు, ల్యాబ్ తర్వాత, ఈ రంగం నడిచిందే అలా! "మర్యాదగా రాయి" అన్నారు మా సార్. మర్యాదగానే రాశాను, పట్టికని మాత్రం మెయిన్ పేపర్లోకి లాగి మొదటి పేజీలోనే దాని ప్రస్తావన పెట్టాను. మీరూ అలాగే చేయండి, సప్లిమెంటరీ ఎవరూ చూడరు.

ఇంకో రివ్యూయర్ అడిగింది న్యాయమైన మాట: ఆరోమాటిసిటీకి నిక్స్ (వలయం దగ్గర అయస్కాంత ప్రభావాన్ని చూసే లెక్క) ఒక్కటే చాలదు. మధ్యలో పరమాణువే ఉంది కాబట్టి ఘోస్ట్ పరమాణువుని (ఆ లెక్క కోసం పెట్టే ఉత్త బిందువు) అక్కడ పెట్టలేం, వలయానికి 1 ఆంగ్‌స్ట్రామ్ పైన పెట్టి చూడాలి, దానికి తోడు π (పై) ఎలక్ట్రాన్లని, అంటే వలయం తలానికి పైనా కిందా పరుచుకునేవాటిని, ఆర్బిటాళ్లలో లెక్కపెట్టి చూపించాలి. రెండూ కలిపి పంపాం, ఆయన వెంటనే సరేనన్నాడు.