పిల్లి ఉన్న ఇంట్లోకి కుక్క: జాలీ తలుపు దగ్గరే అసలు పని

"రెండ్రోజులు ఒకే గదిలో పడేయండి, అవే సర్దుకుంటాయి" అన్నాడు మాకు కుక్కను దత్తతకిచ్చినాయన. ఆ మాట పట్టుకుని ఉంటే మా పిల్లి చిట్టి ఈపాటికి ఏ కిటికీలోంచో దూకి పారిపోయేది, లేదా మా కుక్క గౌరికి ఒక కన్ను పోయేది. అలా సర్దుకున్న జంటలు లేవని కాదు. సర్దుకోనివాటి సంగతి చెప్పడానికి ఎవరూ తిరిగి ఆయన దగ్గరకు వెళ్లరు, అంతే.

టీకాల పని తేలిక. కుక్క రాకముందే పిల్లికి ట్రైక్యాట్ (పిల్లుల మూడు జబ్బులకు కలిపి ఇచ్చే టీకా), రేబిస్ టీకాలు, కుక్కకు దాని టీకాలు, రెండింటికీ నట్టల మందు. అయిపోయింది.

పిడుదుల మందు దగ్గర మాత్రం ఆగాలి. కుక్క మెడ మీద పోసే చుక్కల మందుల్లో కొన్నింటిలో పర్మెత్రిన్ ఉంటుంది. కుక్కకు అది ఏమీ చెయ్యదు. పిల్లి కాలేయం దాన్ని సరిగా విరిచి బయటికి పంపలేదు కాబట్టి పిల్లికి విషం. మందు పోసిన కుక్కను రాసుకుని పడుకున్నా, దాని ఒంటిని నాకినా వణుకు, చొంగ, ఫిట్స్ వస్తాయి, ప్రాణం పోవచ్చు. అమిట్రాజ్ అనే పిడుదుల మందు కూడా పిల్లికి పనికిరాదు. పెట్ షాపు కుర్రాడు "అన్నిటికీ ఇదే వాడతారు" అంటూ డబ్బా చేతిలో పెడతాడు. ఇంట్లో పిల్లి ఉందా అని ఒక్క మాట అడగడు. వెనక చిన్న అక్షరాలు చదవకుండా డబ్బు ఇవ్వొద్దు. ఫ్లూరలానర్, ఆఫాక్సోలానర్ లాంటి నోటి మాత్రలైతే బొచ్చు మీద ఏమీ మిగలదు. బరువును బట్టి డాక్టరు రాస్తారు.

ఇక ఇల్లు. హాలు, వంటిల్లు ఎప్పటిలాగే పిల్లివి. గది కుక్కకు. చాలామంది దీన్ని తిరగేసి, పిల్లిని గదిలో పెట్టి తలుపేస్తారు. సొంత ఇల్లు పోయిందనుకున్న పిల్లి తిండి మానేస్తుంది. మొదటి కొన్ని రోజులు చెక్క తలుపు మూసే ఉంచాం. ఒకదాని వాసన ఇంకొకదానికి అలవాటు కావాలని పిల్లి బుగ్గలు తుడిచిన తువ్వాలు కుక్క గిన్నె కింద, కుక్క పడుకున్న దుప్పటి ముక్క పిల్లి గిన్నె కింద. తలుపుకు ఇటూ అటూ ఆరేసి అడుగుల దూరంలో తిండి. ప్రశాంతంగా తింటే మరుసటి పూట అర అడుగు దగ్గరకు.

విదేశీ వీడియోల్లో బేబీ గేటు కొనమంటారు. మన ఇళ్లలో అంతకన్నా మేలైనది ముందే ఉంది: దోమల జాలీ తలుపు. చూపూ వాసనా వెళతాయి, పళ్లు వెళ్లవు. అయితే నైలాన్ జాలీ ఒక్క గోటి గీతకు చిరిగిపోతుంది. స్టీలు జాలీ కావాలి. అదీ ముందు ఊడేది గడియ వైపు కింది మూలలో, బీడింగు దగ్గర. కుక్క గీకేది అక్కడే. కింద రెండడుగుల మేర ప్లైవుడ్ పలక కొట్టించాం.

చెక్క తలుపు తీసి జాలీ మీద వదిలిన రోజు గౌరి అసలు అరవలేదు. ఇంటికొచ్చిన వాళ్లంతా "ఎంత బుద్ధిమంతురాలో" అన్నారు. నాకు ఒళ్లు మండింది, ఎందుకంటే అక్కడ కనిపిస్తున్నది బుద్ధి కాదు. నోరు మూసుకుపోయింది. చెవులు ముందుకు, బరువంతా ముందు కాళ్ల మీద, తోక నిలిచిపోయింది, రెప్ప పడటం లేదు. ముక్కు ముందు చికెన్ ముక్క పెట్టినా చూడలేదు. అది వేటకు బిగుసుకున్న కుక్క. అరిచే కుక్కతో పని సులువు, అది ఇంకా మన మాట వినే స్థితిలోనే ఉంటుంది.

దీనికి మందు దూరం ఒక్కటే. చికెన్ ముక్క తినలేకపోతోందంటే మరీ దగ్గరగా ఉందని అర్థం. బెల్టు పట్టుకుని గది వెనక గోడదాకా తీసుకెళ్లండి, అప్పటికీ తినకపోతే జాలీకి దుప్పటి కట్టి సగం కప్పేయండి. అక్కడి నుంచి వరస ఇది: పిల్లి కనబడుతుంది, కుక్క చూస్తుంది, చూసిన క్షణంలోనే, బిగుసుకోకముందే, పేరు పిలవాలి. తల ఇటు తిరగగానే ముక్క. ఉప్పూ ఉల్లీ వెల్లుల్లీ లేకుండా ఉడికించిన చికెన్, శనగగింజంత ముక్కలు. ఒక్కసారికి మూడు నుంచి ఐదు నిమిషాలు చాలు, వాకింగు అయ్యాక, భోజనానికి ముందు. ఎంత చికెన్ పెడితే అంత గిన్నెలో తగ్గించండి. పేరు పిలవకుండానే కుక్క పిల్లిని చూసి, తనంతట తాను మీ వైపు తిరిగి "ఏదీ ముక్క" అన్నట్టు చూసే రోజు వస్తుంది. అప్పుడు ఒక అడుగు ముందుకు జరగండి. అంతకుముందు కాదు. ఈ ఒక్క దశకే మాకు మిగతావన్నీ కలిపినంత కాలం పట్టింది. మధ్యలో మా పిన్ని పిల్లిని చంకనెత్తుకుని కుక్క ముక్కు దగ్గరకు తెచ్చి "ఫ్రెండ్స్ అవ్వండమ్మా" అంది. పారిపోయే దారి లేని పిల్లి ముందు పట్టుకున్న చేతినే చీరుతుంది. ఆమెకు మోచేతిదాకా గీతలు పడ్డాయి. జాలి వెయ్యలేదు.

పిల్లి వైపు పని: బీరువా మీద, ఫ్రిజ్ మీద సామాను తీసేసి చోటివ్వండి. ఐదడుగుల ఎత్తున చెక్క అరలు కొట్టిస్తే ఇంకా మంచిది. పిల్లి పరుగెత్తితే ఎంత శిక్షణ ఉన్న కుక్కైనా తరమొచ్చు, కాబట్టి పరుగు అవసరం లేకుండా పైకి దారి ఉండాలి. తిండి గిన్నె కూడా పైనే. లిట్టర్ ట్రేను (పిల్లి మలమూత్రాలకు మట్టి పోసి పెట్టే పళ్లెం) కుక్కకు అందనివ్వొద్దు. మలం కోసం మూతి పెట్టి, గడ్డకట్టే బెంటోనైట్ మట్టిని మింగితే పేగుకు అడ్డం పడొచ్చు. బాత్రూం తలుపుకు గొలుసు వేసి ఐదంగుళాల సందు ఉంచాం. గౌరి తల పట్టదు. పిల్లి ఒక రోజంతా తిండి ముట్టకపోతే డాక్టరు దగ్గరకు వెళ్లాలి. మగపిల్లి ట్రేలోకి మాటిమాటికీ వెళ్లి ముక్కుతూ మూత్రం రాకపోతే తెల్లారేదాకా ఆగకండి.

జాలీ తలుపు తీశాక హార్నెసుకు (కుక్క ఛాతీ చుట్టూ కట్టే పట్టీకి) ఆరడుగుల తాడు, నేల మీద వదులుగా. బిగించి పట్టుకుంటే కుక్కలో ఉద్రేకం పెరుగుతుంది. గుర్రుమన్నప్పుడు కొట్టొద్దు. కొడితే గుర్రుమనడం మానేసి నేరుగా కరవడం నేర్చుకుంటుంది.

ఇప్పుడు రెండూ హాల్లోనే తిరుగుతున్నాయి, మేం ఇంట్లో ఉన్నంతసేపు. బయటికెళ్తే జాలీ తలుపు పడాల్సిందే. గడియ మాత్రం పైకి మార్పించాం, కిందిదాన్ని గౌరి పంజాతో తియ్యడం నేర్చింది.