నాయన నడుము నొప్పికి బోర్లా పడుకునే వైద్యం

ప్రొద్దుటూరులో మా నాయనది గుంట మగ్గం. కాళ్లు గుంటలోకి దించి పొద్దస్తమానం ముందుకు వంగి కూర్చునే పని. నడుము నొప్పి పిరుదు మీదుగా పిక్క దాకా లాగుతున్నా, 'నేతగాడికి ఇది మామూలే' అంటాడు. ఆ మాట వింటే నాకు కడుపు తరుక్కుపోతుంది.

కడపలో ఫిజియోథెరపీ చేసే అమ్మాయి ఆయన్ని అటూ ఇటూ వంచి చూసి, "పెద్దాయనా, బోర్లా పడుకోండి. అరచేతులు ఆనించి ఛాతీ మాత్రం లేపండి. తుంటి మంచం మీదనే ఉండాల" అనింది. రోజులో చాలాసార్లు, పదేసి చొప్పున చేయమంది.

కొన్నాళ్లకు పిక్కలో నొప్పి పోయి నడుములో ఎక్కువైంది. నాయనకు ఒకటే టెన్షన్. ఆ అమ్మాయి మాత్రం సంతోషపడింది. నొప్పి కాలిలోంచి వెన్ను వైపు వెనక్కి రావడం మంచి గుర్తట, దాన్ని సెంట్రలైజేషన్ అంటారట. న్యూజిలాండ్‌కు చెందిన రాబిన్ మెకంజీ 1950లలో ఒక రోగిలో ఇది గమనించి, ఈ పద్ధతిని తయారుచేశాడు.

అందరికీ ఇదే పనికొస్తుందని కాదు. నొప్పి ఇంకా కిందికి దిగితే ఆపేయాల్సిందే. మూత్రం మీద అదుపు తప్పినా, తొడల మధ్య తిమ్మిరెక్కినా వ్యాయామాలు కాదు, వెంటనే ఆసుపత్రికి పోవాలి.

మగ్గం ఎట్లా మానతాడు? అందుకే కూర్చునే పలక కాస్త ఎత్తు చేయించాం. మధ్యమధ్యలో లేచి, నడుం మీద చేతులు పెట్టుకుని వెనక్కి వంగుతాడు. ఇప్పుడు పక్కింటి మగ్గం మామకూ నేర్పిస్తున్నాడు. ఆయన్ని కూడా ముందు చూపించుకోమని నేను పోరుతున్నా.