వాకర్ అంటే నడిచేవాడు కాదట

ఇంగ్లండ్‌లోని యార్క్‌షైర్‌లో ఒక కేర్ హోమ్‌లో, అంటే వృద్ధుల ఆశ్రమంలో, పనికి చేరిన మూడో రోజు నేను చేసిన ఘనకార్యం ఇది. షిఫ్టు మారేటప్పుడు చేతికిచ్చే హ్యాండోవర్ కాగితంలో ఒక గది నంబరు ఎదురుగా "వాకర్" అని రాసి ఉంది. కాలు విరిగినవాళ్ళు పట్టుకుని నడిచే స్టాండును మనం వాకర్ అనే కదా అంటాం, పాపం ఆ పెద్దాయనకు అది కావాలేమో అనుకుని స్టోర్‌రూమ్ లోంచి ఒకటి వెతికి ఈడ్చుకుంటూ పట్టుకెళ్ళాను. ఆయన మంచంలోంచే నన్నూ దాన్నీ మార్చి మార్చి చూసి, "వాకర్ అది కాదు లవ్, నేను" అన్నారు. ఆ స్టాండును ఇక్కడ జిమ్మర్ ఫ్రేమ్ అంటారట. లవ్ అన్నందుకు కంగారు పడాల్సిన పని లేదని కూడా ఆ వారమే తెలిసింది, యార్క్‌షైర్‌లో బస్సు డ్రైవర్ కూడా అలాగే పిలుస్తాడు.

వాకర్ గారు (ఇక్కడ అందరూ ఎనభై ఏళ్ళవాళ్ళను కూడా పేరు పెట్టి పిలుస్తారు, నాకు మాత్రం నోరు రాదు) అప్పటికే మంచం దిగలేని స్థితిలో ఉన్నారు. ఇంటిపేరేమో నడిచేవాడు, మనిషేమో నడవలేరు, ఎంత అన్యాయం అనుకున్నాను. కొంచెం చనువు వచ్చాక ఆ మాటే ఆయనతో అంటే, "మావాళ్ళు నడిచింది రోడ్డు మీద కాదు, బట్ట మీద" అన్నారు. హాలిఫాక్స్ చుట్టుపక్కల ఉన్ని మిల్లుల్లో ఫినిషింగ్ సెక్షన్‌లో పనిచేసిన మనిషి. రాత్రి షిఫ్టుల్లో ఆయనకు నిద్ర పట్టనప్పుడు ఇంత, ఇంత చెప్పారు, మిగతాది నేను సెలవు రోజుల్లో లైబ్రరీలో కూర్చుని చూసుకున్నాను.

ఉన్ని బట్ట మగ్గం దిగినప్పుడు వదులుగా, జల్లెడలా ఉంటుంది. పైగా జిడ్డు. దాన్ని తొట్టిలో వేసి నీళ్ళూ, బాగా నిలవ ఉంచిన మూత్రమూ పోసి, మనుషులు అందులోకి దిగి గంటల తరబడి కాళ్ళతో తొక్కేవాళ్ళు. అవును, మూత్రమే. నిలవ మూత్రంలో అమ్మోనియా తయారవుతుంది, అది జిడ్డును వదలగొడుతుంది. సబ్బు కొనే స్తోమత లేని కాలంలో అంతకన్నా చవకైంది ఏముంది, ఇంటింటికీ తిరిగి పోగుచేసేవాళ్ళు. అలా తొక్కగా తొక్కగా ఉన్ని పోగుల మీద ఉండే సన్నటి పొలుసులు ఒకదానిలో ఒకటి చిక్కుకుపోయి, బట్ట ముడుచుకుని, దళసరిగా, గాలి దూరనంత గట్టిగా తయారవుతుంది. పాత ఇంగ్లీషులో ఈ పని చేసేవాణ్ణి వెయాల్కెరె అనేవారు, అదే వాకర్ అయింది. ఆ మాటకొస్తే వాక్ అనే మాటకు మొదట్లో దొర్లించడం, అటూ ఇటూ ఎగరేయడం అనే అర్థమే ఉండేదట, నడక తర్వాత వచ్చి చేరింది.

ఇంకా సరదా ఏమిటంటే ఇదే పనికి ఇంగ్లండ్‌లో మూడు ఇంటిపేర్లున్నాయి. ఉత్తరాన వాకర్, ఆగ్నేయంలో సస్సెక్స్, కెంట్ వైపు ఫుల్లర్, నైరుతిలో డెవన్, సోమర్సెట్ వైపు టక్కర్. ముత్తాతలు ఏ దిక్కున బట్ట తొక్కారో ఇంటిపేరే చెబుతుంది. ఫుల్లర్ మనకు కొత్తేమీ కాదు, ముల్తానీ మట్టి ప్యాకెట్ మీద ఫుల్లర్స్ ఎర్త్ అని ఉంటుంది చూడండి, అది ఈ ఫుల్లరే. జిడ్డు పీల్చడానికి వీళ్ళు బట్టకు వాడిన మట్టిని మనం పెళ్ళికి ముందు మొహానికి పట్టించుకుంటున్నాం.

తొక్కిన బట్టను పొలాల్లో చెక్క చట్రాలకు కొక్కేలతో బిగించి, గుంజి ఆరబెట్టేవారు. ఆ చట్రం పేరు టెంటర్. ఉత్కంఠతో కొట్టుకుపోయే మనిషిని టెంటర్‌హుక్స్ మీద ఉన్నాడు అని ఇక్కడివాళ్ళు ఇప్పటికీ అంటారు. మనం రోజుకు పదిసార్లు అనే టెన్షన్ కూడా అదే లాటిన్ మూలం నుంచి వచ్చింది. రాత్రిళ్ళు ఆరేసిన బట్ట దొంగల పాలయ్యేది. హాలిఫాక్స్‌లో అయితే పదమూడున్నర పెన్నీల విలువైన సొత్తు దొంగిలించినా తల నరికే యంత్రం ఉండేది, 1650 దాకా వాడారు. దాని నమూనా ఇప్పటికీ ఊళ్ళో నిలబడి ఉంది, వీధి పేరు కూడా గిబ్బెట్ స్ట్రీటే. నేను రోజూ ఎక్కే బస్సు అటే పోతుంది.

తొక్కే పని నీటి మరలకు కూడా చాలా ముందే అప్పగించారు. 1185లో టెంప్లర్ యోధులు (క్రైస్తవ మత యుద్ధాల కాలపు సైనిక సన్యాసులు) తమ ఆస్తుల లెక్క రాయించుకున్నప్పుడే లీడ్స్ దగ్గర న్యూసమ్‌లో అలాంటి మిల్లు ఒకటి ఉంది. పాదాల బదులు చెక్క సుత్తులు కొట్టాయి, పేరు మాత్రం పోలేదు, ఆ మిల్లులను వాక్ మిల్ అనేవారు. 1379లో తలపన్ను వేసినప్పుడు ఈ వెస్ట్ రైడింగ్‌లో, అంటే యార్క్‌షైర్ పడమటి భాగంలో, ఊరూరా రాసిన పేర్ల పట్టీలు ఇంకా ఉన్నాయి. అప్పటికి చాలామందికి వృత్తి పేరే ఇంటిపేరుగా అతుక్కుపోతోంది. నేసేవాడు వెబ్‌స్టర్, అద్దకం వేసేవాడు లిస్టర్, నూగు కత్తిరించేవాడు షెర్మన్.

ఇప్పుడు ఇంగ్లండ్‌లో ఎక్కువమందికి ఉన్న మొదటి ఇరవై ఇంటిపేర్లలో వాకర్ ఒకటి. వీళ్ళందరూ ఒక్క తాత సంతానమేమీ కాదు, గొర్రెలూ మగ్గాలూ ఉన్న ప్రతి ఊళ్ళో తొక్కేవాడు ఒకడు కావాలి, కాబట్టి పేరు ఎక్కడికక్కడ పుట్టింది. స్కాట్లండ్‌లోనూ అంతే. కిల్మార్నాక్ ఊళ్ళో 1820లో కిరాణా కొట్టు పెట్టిన జాన్ వాకరే మన జానీవాకర్. సీసా మీద టోపీ పెట్టుకుని చకచకా నడిచే పెద్దమనిషి బొమ్మ 1908లో వచ్చింది. ఇంకేం, లోకమంతా వాకర్ అంటే నడిచేవాడే అని స్థిరపడిపోయింది. జార్జ్ డబ్ల్యూ బుష్‌లోని డబ్ల్యూ కూడా వాకరే. ఒక అమెరికా అధ్యక్షుడి పేరు మధ్యలో మూత్రపు తొట్టి ఉందని ఎవరికైనా గుర్తొస్తుందా?

నన్ను పట్టుకున్నది అదే, పేరు వెనక ఉన్న పని ఎవరికీ గుర్తు లేకపోవడం. మాది సిరిసిల్ల, సాలోళ్ళం. తాత గుంట మగ్గం నేశాడు, బాపు భివండి పోయి పవర్‌లూమ్ నడిపాడు. మా వైపు ఇంటిపేరు చెప్పగానే కులం తెలిసిపోతుంది, తెలియకపోతే "ఇంటిపేరేంది?" అని మళ్ళీ అడుగుతారు, ఆ ప్రశ్న దేనికో అడిగేవాళ్ళకూ తెలుసు, చెప్పేవాళ్ళకూ తెలుసు. కాలేజీలో ఉన్నప్పుడు అద్దెకు ఇల్లు చూడబోతే ఒక ఓనరమ్మ గది చూపించకముందే అడిగింది. ఇక్కడ వాకర్, స్మిత్, టేలర్ అంటే తొక్కేవాడు, కమ్మరి, దర్జీ. కానీ పేరు వినగానే వీడిని ఎక్కడ కూర్చోబెట్టాలా అని ఎవరూ లెక్క వేయరు. ఇక్కడ తేడాలు లేవని కాదు, వీళ్ళు మనిషిని యాసతో పట్టేస్తారు, నా రంగుతో పట్టేస్తారు, అది వేరే కథ. వృత్తి పేరు మాత్రం వట్టి పేరై ఊరుకుంది.

ఇంకొకటి కూడా చెప్పాలి. ఎమ్మెస్సీ బోటనీ చదివి నేను ఇక్కడ చేసే పని ప్యాడ్‌లు మార్చడం, కమోడ్ కడగడం, యూరిన్ బాటిల్ పారబోయడం. ఇంట్లో మాత్రం "హాస్పిటల్ డ్యూటీ" అనే చెప్పాను. ఒక రాత్రి బాటిల్ పట్టుకుని బాత్రూమ్ వైపు పోతుంటే వాకర్ గారు వెనక నుంచి, "ఊరికే పారబోస్తున్నావా, మా ముత్తాతల కాలంలో అయితే దానికి డబ్బులొచ్చేవి" అన్నారు. నవ్వాపుకోలేక బాటిల్ ఒలకబోసుకున్నంత పని చేశాను.

ఆ ఆదివారం బాపుకు ఫోన్ చేసి తొట్టీ, మూత్రం, తొక్కుడూ, చట్రాలూ అన్నీ చెప్పాను, మధ్యలో నా డ్యూటీ అసలు ఏమిటో కూడా చెప్పేశాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. ఇక తిడతాడనుకున్నా. "గట్ల కొక్కేలకేసి గుంజితే అంచు చినగదా బిడ్డా?" అన్నాడు.

మర్నాడు వాకర్ గారిని అడిగాను. అంచుల్లో ముతక నూలు, గట్టిది, వేసి నేసేవాళ్ళని, కొక్కేల పోటు తట్టుకోవడానికేనని చెప్పారు. అదే బాపుకు చెబితే, "మేమూ అంచుకు ఏరే పోగు ఏస్తుంటిమి, అడుగు గాయన్ను, ఎన్ని పోగులు ఏసేటోళ్ళో" అన్నాడు.