ఖడ్గాన్ని సాగగొట్టే సుత్తి ఎవరి చేతిలో ఉంది?

మీకా గ్రంథం 4:3లో జనములకు న్యాయం తీర్చేవాడు దేవుడు. తమ ఖడ్గములను నాగటి నక్కులుగా సాగగొట్టేది మాత్రం ఆ ఖడ్గాలు పట్టిన మనుష్యులే. ఈ వచనాన్ని అంత్యదినాల వాగ్దానంగా చదివి, ఆ దినాలు వచ్చేదాకా మనం చేయవలసిందేమీ లేదన్నట్టు పక్కన పెట్టడం మనకు అలవాటైపోయింది. కమ్యూనిస్టు పాలనలోని తూర్పు జర్మనీ సంఘాలు దీనిని అలా చదవలేదు.

1980 నవంబరులో అక్కడి ప్రొటెస్టెంట్ సంఘాలు పది దినాల శాంతి ప్రార్థనలు తలపెట్టినప్పుడు, సాక్సనీ ప్రాంతపు యువజన పాస్టరు హరాల్డ్ బ్రెట్‌ష్నైడర్ ఈ వచనాన్నే గుర్తుగా ఎంచుకున్నారు. కత్తిని సుత్తితో కొడుతున్న మనిషి బొమ్మ, దాని చుట్టూ ప్రవక్త మాటలు. ఆ బొమ్మకు మూలం 1959లో సోవియట్ ప్రభుత్వమే ఐక్యరాజ్యసమితికి బహూకరించిన శిల్పం కాబట్టి, దానిని తప్పుపట్టడం పాలకులకు ఇబ్బందిగానే ఉండేది. కాగితంపై అచ్చుకు ప్రభుత్వ అనుమతి కావాలి, గుడ్డపై అచ్చుకు అక్కర్లేదు. అందుచేత గుడ్డపైనే ముద్రించారు. (పాములవలె వివేకులై యుండుడి అన్న ప్రభువు మాట ఇక్కడ గుర్తుకు రాకమానదు.) యువతీయువకులు ఆ గుడ్డముక్కను తమ కోట్లపై కుట్టుకొని తిరిగితే అధికారులు దానిని నిషేధించి, బలవంతంగా తీయించారు.

తూర్పు జర్మనీ నగరమైన లైప్‌జిగ్‌లోని సెయింట్ నికొలస్ ఆలయంలో 1982 నుండి ప్రతి సోమవారం సాయంత్రం శాంతి ప్రార్థన జరిగేది. మొదటి సంవత్సరాలలో కొన్ని సోమవారాలు వేళ్లమీద లెక్కపెట్టదగినంత మందే వచ్చేవారు. 1989 అక్టోబరు 9న ఆలయంలో ప్రజలకు చోటు దొరకకుండా చేయాలని పాలక పార్టీ తన సభ్యులను వందలాదిగా పంపి ముందే కూర్చోబెట్టింది; తీరా వారు కూడా ఆ ప్రార్థనలను ఆసాంతం వినవలసి వచ్చింది. ఆ సాయంత్రం దాదాపు 70,000 మంది పాలనలో మార్పు కోరుతూ వీధుల్లో నడిచారు. చేతిలో కొవ్వొత్తి ఉన్నవాడు అది ఆరిపోకుండా రెండో చేతిని అడ్డుపెట్టాలని, ఇక రాయి పట్టే చేయి మిగలదని ఆ ఆలయ పాస్టరు క్రిస్టియన్ ఫ్యూరర్ చెప్పేవారు. సిద్ధంగా నిలిపిన బలగాలు కాల్పులు జరపలేదు.

దానిని అద్భుతమంటే నాకు అభ్యంతరం లేదు. అయితే అంతకుముందు ఏడేళ్లపాటు, ఫలితం కనబడకపోయినా సోమవారం తప్పకుండా వచ్చి మోకరించిన ఆ కొద్దిమందిని కూడా ఆ అద్భుతంలో లెక్కించాలి. సరిగ్గా నెల తిరిగేసరికి, నవంబరు 9న, బెర్లిన్ గోడ తెరుచుకున్నది. సోమవారపు ప్రార్థన అంతటితో ముగియలేదు. 2003లో ఇరాక్ యుద్ధం వచ్చినప్పుడు దానికి వ్యతిరేకంగా అదే ఆలయంలో మళ్లీ ప్రార్థించారు.