ట్యాంక్‌బండ్ పాచి, సిడ్నీ దగ్గరి చెట్టు

నిన్న పొద్దున ట్యాంక్‌బండ్ మీద నడుస్తుంటే, గాలికి పాచంతా గట్టుకు కొట్టుకొచ్చి ఎవరో ఆకుపచ్చ పెయింట్ డబ్బా ఒలకబోసినట్టు కనిపించింది, కంపు సరేసరి. చెరువుల మీద ఇలా తెట్టు కట్టేవాటిలో మైక్రోసిస్టిస్ ఒకటి. పాచి అంటాం గానీ నిజానికి అది బ్యాక్టీరియా. మొక్కలాగే ఎండతో తిండి తయారుచేసుకుంటుంది, లోపల చిన్న చిన్న గాలి తిత్తులుంటాయి కాబట్టి పైకి తేలుతుంది, ఇక మురుగునీళ్లలోని నత్రజని, ఫాస్ఫరస్ దొరికితే దానికి పండగే. కొన్ని రకాలు కాలేయాన్ని దెబ్బతీసే విషం కూడా తయారుచేస్తాయి.

అది చూస్తుంటే ఎందుకో వోలెమీ పైన్ అనే అరుదైన చెట్టు గుర్తొచ్చింది (నా బుర్ర ఇంతే). 1994లో సిడ్నీకి దగ్గర్లోని ఒక లోయలో బయటపడింది. 40 మీటర్ల దాకా పెరుగుతుంది, బెరడేమో చాక్లెట్ పాకం బుడగలు కట్టి గడ్డకట్టినట్టుంటుంది. అడవిలో పెద్ద చెట్లు వందలోపే, వాటి మధ్య జన్యు తేడాలు కూడా దాదాపు లేవు. పాచి వద్దన్నా పెరుగుతుంది, ఈ చెట్టుకేమో 2019-20 కార్చిచ్చులో హెలికాప్టర్లోంచి మనుషులు దిగి నీళ్లు పట్టాల్సొచ్చింది! ఎవరి బూట్లకో అంటిన మట్టితో ఫైటాఫ్తొరా అనే బూజులాంటి తెగులు క్రిమి వచ్చినా వేళ్లు కుళ్లిపోతాయట, అందుకే ఆ చోటు రహస్యంగా ఉంచారు.

ఇంటికొచ్చి ఇదంతా చెబితే మా ఆవిడ, "ముందు మీ బూట్లు బయట కడుక్కుని రండి" అంది.